తెలుగువారు – మంచుకొండలు: యాత్ర, అన్వేషణ, ఆరోహణల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు నేల మీద నేడు హిమానీనదం ఒక్కటీ లేదు. అయినా తెలుగు సాహిత్యంలో మంచుకొండ సుపరిచితమైన స్థలం. ఆ స్థలంతో తెలుగువారికి ఏర్పడిన సంబంధం కావ్యకల్పనతో మొదలై, ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రీయ అన్వేషణగా, ఆపైన పర్వతారోహణ క్రీడగా రూపాంతరం చెందింది. ‘మనుచరిత్ర’లోని ప్రవరుడి హిమాలయ సందర్శనం, కైలాస మానస సరోవర ప్రాంతంలో ప్రణవానంద స్వామి చేసిన భౌగోళిక పరిశోధన, ఉదయ్‌భాస్కరరావు, మల్లి మస్తాన్‌బాబు, మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్‌ల ఆరోహణలు ఈ చరిత్రలో ప్రధాన ఘట్టాలు. వీటిని ఒకే వరుసలో ఉంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: హిమాలయం, హిమానీనదం, మనుచరిత్ర, ప్రణవానంద స్వామి, మానస సరోవరం, కోరుకొండ, పర్వతారోహణ.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విద్యార్థికి హిమాలయం అనగానే మొదట స్ఫురించేది ప్రవరుడు. ఆ తర్వాత స్ఫురించే పేరు ఏదని అడిగితే సమాధానం తేలికగా దొరకదు. కావ్యంలోని ఒక్క పగటి ప్రయాణం అయిదు వందల ఏళ్లుగా తరగతి గదుల్లో బతికి ఉంది. అదే హిమాలయాల ఆవల, టిబెట్ పీఠభూమిలో, ఏళ్ల తరబడి నడిచి నదుల జన్మస్థానాలను పటం మీద గుర్తించిన తెలుగు అన్వేషకుడి కృషి మాత్రం మన యాత్రాసాహిత్య చర్చల్లో అరుదుగా వినిపిస్తుంది. ఈ వ్యత్యాసానికి కారణాలను వెతకడానికి ముందు ఆ చరిత్రను వరుసగా చూడాలి.

ఈ పరిశీలనలో మూడు పదాలను వేరువేరు అర్థాల్లో వాడడం జరిగింది. పుణ్యం కోసమో చూడాలన్న కోరికతోనో చేసేది యాత్ర. తెలియనిదాన్ని కొలిచి, నమోదు చేసి, ఇతరులు సరిచూడడానికి వీలుగా ప్రకటించేది అన్వేషణ. శిఖరాన్ని చేరడమే లక్ష్యంగా, నియమబద్ధమైన శిక్షణతో చేసేది ఆరోహణ. ఈ మూడింటి మధ్య సరిహద్దులు గట్టివి కావు. ప్రణవానంద స్వామి యాత్రికుడూ అన్వేషకుడూ కూడా. అయినా ఒక్కొక్క కాలంలో ఏది ప్రధానమైందో గమనిస్తే మార్పు స్వభావం బోధపడుతుంది.

2. మంచులేని నేల

ఎలమంచిలి వంటి తీరమైదానపు పట్టణం నుంచి పడమటికి చూస్తే తూర్పు కనుమల వరుస కనిపిస్తుంది. ఏటికొప్పాక పక్కగా పారే వరాహ నది ఆ కొండల్లో పుట్టినదే. దాని నీరంతా వాన నీరు. వాన పడితే ఏరు నిండుతుంది, వేసవిలో ఇసుక తేలుతుంది. గంగ, సింధు, బ్రహ్మపుత్రల వంటి నదులకు వానతోపాటు మంచు కూడా ఆధారం. ఎండాకాలంలో మంచు కరగడం వల్ల మైదానం ఎండిన రోజుల్లోనూ వాటిలో నీరు నిలుస్తుంది. దక్షిణాది నదికి, హిమాలయ నదికి ఉన్న మౌలిక భేదం ఇదే.

తూర్పు కనుమల్లో అత్యున్నత శిఖరాలు సైతం 1,700 మీటర్లకు లోపే. హిమాలయాల్లో శాశ్వత హిమరేఖ ప్రాంతాన్ని బట్టి సుమారు 4,500 నుంచి 6,000 మీటర్ల మధ్య ఉంటుంది. ఆ రేఖకు పైన పడ్డ మంచు ఏడాది పొడవునా పూర్తిగా కరగదు. ఏటేటా పేరుకొని, తన బరువుకు తానే గట్టిపడి మంచుగడ్డగా మారి, వాలు వెంట మెల్లగా కదులుతుంది. ఆ కదిలే మంచే హిమానీనదం. అది తనతో రాళ్లను ఈడ్చుకొచ్చి చివర కుప్ప పోస్తుంది, కింది శిలను గీరి గాడులు పెడుతుంది. అటువంటి దృశ్యం ఎక్కడా లేని నేలలో చలికే ఒక ఆకర్షణ ఉంటుంది. సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగికి ‘ఆంధ్రా కాశ్మీర్’ అన్న పేరు రావడం, శీతాకాలపు తెల్లవారుజామున పొగమంచు చూడడానికి మైదానాల నుంచి జనం తరలి వెళ్లడం ఆ ఆకర్షణకు నేటి నిదర్శనాలు.

భూగర్భ కాలమానంలో చూస్తే మాత్రం ఈ నేల ఎల్లప్పుడూ మంచులేనిది కాదు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట, భారత భూభాగం గోండ్వానా మహాఖండంలో భాగంగా దక్షిణ ధ్రువానికి చేరువగా ఉన్న కాలంలో, ఇక్కడ హిమానీనదాలు కదిలాయి. అవి వదిలిన గుండ్రాళ్ల పొరలకు ఒడిశాలోని తాల్చేరు పేరు మీద తాల్చేరు శిలలని పేరు. గోదావరి లోయలోని బొగ్గు పొరల అడుగున ఈ శిలలు ఉన్నాయి. నేటి తెలంగాణకు ఉత్తర సరిహద్దుగా పారే పెన్‌గంగ ఒడ్డున, చంద్రపూర్ సమీపంలోని ఇరాయి వద్ద, హిమానీనదం గీసిన గాడులున్న సున్నపురాతి పలకను ఫ్రాన్సిస్ ఫెడెన్ 1875లో వర్ణించాడు. ఉష్ణమండలంలో మంచు గుర్తులేమిటన్న ఆనాటి విస్మయం ఖండచలన సిద్ధాంతానికి తోడ్పడిన ఆధారాల్లో ఒకటిగా పరిణమించింది. అంటే మంచు జ్ఞాపకం ఈ నేల రాళ్లలో ఉంది. మనుషుల అనుభవంలో లేదు. ఆ లోటును తెలుగు కవి కల్పనతో పూరించాడు.

3. కావ్యంలో మంచుకొండ

మార్కండేయ పురాణంలోని కథను మారన తెలుగు చేయగా, దాన్ని అల్లసాని పెద్దన పదహారో శతాబ్దపు తొలి దశకాల్లో ‘మనుచరిత్ర’గా విస్తరించాడు. అరుణాస్పదపురంలోని ప్రవరుడు నిత్యాగ్నిహోత్రి. గడప దాటని గృహస్థు. కాని ఇంటికి వచ్చిన అతిథులను తీర్థాల గురించి, దూరదేశాల గురించి గుచ్చిగుచ్చి అడగడం అతడి అలవాటు. ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపంతో అతడు హిమాలయానికి చేరతాడు. కొండంతా కలయ దిరుగుతాడు. మధ్యాహ్నం అయింది, ఇక ఇల్లు చేరాలి అనుకొనే సమయానికి లేపం మంచునీటికి కరిగిపోయి ఉంటుంది.

ఈ ఘట్టాన్ని వరూధినీ ప్రవరుల సంవాదానికి ఉపోద్ఘాతంగా చదవడం పరిపాటి. యాత్రాచరిత్ర దృష్టితో చదివితే మరికొన్ని విషయాలు తేలుతాయి. మొదటిది, ప్రవరుడు మంచుకొండకు వెళ్లింది తపస్సుకు కాదు, మోక్షానికి కాదు. చూడాలన్న కోరికతో వెళ్లాడు, సాయంత్రపు హోమానికి తిరిగి రావాలనుకొన్నాడు. ఆధునిక పరిభాషలో అది విహారయాత్ర. రెండోది, దారి అన్నది ఆ యాత్రలో లేదు. ఊరి నుంచి కొండకు మధ్యనున్న మైదానాలు, నదులు, కనుమలు, చలి, ఆకలి, అన్నీ లేపం వల్ల మాయమయ్యాయి. మూడోది, పెద్దన వర్ణనలో శిఖరం ఆకాశాన్ని అంటుతున్నా, దాని చుట్టూ కనిపించే జీవం సెలయేళ్లు, నెమళ్లు, ఏనుగులు, వృక్షాలు. ఇవి హిమాలయ పాదప్రాంతపు జీవరాశి. హిమరేఖకు పైన ఉండే నిర్జన మంచుభూమి ఆ వర్ణనలో దాదాపు లేదు. కవి అనుభవంలోని అడవికొండ మీద కవి విన్న మంచు కప్పబడింది.

ఇది లోపమని చెప్పడం ఉద్దేశం కాదు. లేపం కరగడం అన్న ఒక్క వివరంలో మంచుకు గల భౌతిక స్వభావం కథను నడిపే శక్తిగా మారింది. మూలపురాణంలోనే ఉన్న ఆ వివరాన్ని పెద్దన నాటకీయంగా వాడుకొన్నాడు. పరాయి స్థలంలో, వచ్చిన సాధనం పోయాక, మనిషి దగ్గర మిగిలేదేమిటి అన్న ప్రశ్న అక్కడి నుంచే పుడుతుంది. ప్రవరుడి దగ్గర మిగిలింది అతడి నిష్ఠ. తర్వాతి కాలపు హిమాలయ చరిత్రలోనూ ఈ ప్రశ్న వేరువేరు రూపాల్లో ఎదురవుతుంది.

కావ్యాల్లోని మరో హిమాలయ సంకేతం హంస. వానాకాలం రాగానే హంసలు మానస సరోవరానికి వెళ్తాయన్నది కవిసమయం. ఇందులో కల్పనతోపాటు పరిశీలన కూడా ఉంది. తల మీద నల్లని పట్టీలుండే ఒక జాతి పెద్దబాతులు శీతాకాలం భారతదేశపు చెరువుల మీద గడిపి, వేసవికి హిమాలయాలు దాటి టిబెట్ సరస్సుల వద్ద గుడ్లు పెడతాయి. పక్షి ఎటు వెళ్తుందో మైదానపు మనిషికి తెలుసు. అది వెళ్లే చోటు ఎలా ఉంటుందో తెలియదు. సుమారు 4,590 మీటర్ల ఎత్తున, శీతాకాలంలో గడ్డకట్టే ఆ సరస్సులో కావ్యాల్లోని పద్మాలకు తావు లేదు. ఈ తెలియనితనాన్ని పోగొట్టే పని ఇరవయ్యో శతాబ్దంలో ఒక గోదావరి జిల్లా వాసి చేశాడు.

4. కొలతల కాలం

ప్రవరుడికి, ప్రణవానందకు మధ్య కాలంలో ఉత్తరాదికి తెలుగువారి ప్రయాణం ప్రధానంగా కాశీయాత్ర రూపంలో సాగింది. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, కాశీ, ప్రయాగ, గయలు చూసుకొని, కలకత్తా మీదుగా తూర్పుతీరం వెంట 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ‘కాశీయాత్ర చరిత్ర’లో దారి మొదటిసారి కథావస్తువైంది. మజిలీలు, దూరాలు, ధరలు, నీటి వసతులు అందులో స్థానం పొందాయి. పాదలేపం మాయం చేసినదాన్నే వీరాస్వామి దినచర్యగా రాశాడు. అయితే ఆ యాత్ర గంగా మైదానంతో ఆగింది. మంచుకొండ అప్పటికీ దిగంతంలోనే ఉండిపోయింది.

అదే కాలంలో హిమాలయాన్ని కొలిచే ప్రయత్నం దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతోంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖ కొలవడంతో మొదలైన మహా త్రికోణమితి సర్వే, 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చేరువగా నిజాం రాజ్యం గుండా పైకి పాకింది. 1818 చివర హైదరాబాదులో లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన యువ అధికారి జార్జ్ ఎవరెస్ట్. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేయడానికి వెళ్లిన అతడి బృందం మన్యపు జ్వరంతో మంచం పట్టింది. కోలుకోవడానికి ఎవరెస్ట్ 1820లో ఆఫ్రికా దక్షిణాగ్రానికి వెళ్లవలసి వచ్చింది. ప్రపంచంలో అత్యున్నత శిఖరానికి ఎవరి పేరు స్థిరపడిందో ఆ వ్యక్తి ఈ సర్వేలో తొలి పాఠాలు నేర్చింది తెలుగు అడవుల్లో. ఆ శిఖరం ఎత్తును 1850ల్లో లెక్కగట్టిన వారిలో ప్రముఖుడు రాధానాథ్ సిక్దర్. 1865లో దానికి ఎవరెస్ట్ పేరు పెట్టారు.

ఈ సర్వేలో తెలుగు నేల మంచుకొండను కొలిచే నిచ్చెనలో ఒక మెట్టు మాత్రమే. కొలిచే చూపు పాలకులది. స్థానికులు జెండాలు పట్టినవారు, సామాన్లు మోసినవారు. కొలిచే చూపు తెలుగు వ్యక్తిది కావడానికి మరో శతాబ్దం పట్టింది.

5. ప్రణవానంద స్వామి

5.1 జీవితం

ప్రణవానంద స్వామి పూర్వాశ్రమ నామం కనకదండి వెంకట సోమయాజులు. 1896లో తూర్పు గోదావరి జిల్లాలో జన్మించారు. లాహోరులోని డి.ఎ.వి. కళాశాలలో చదివి, అక్కడే రైల్వే గణాంక కార్యాలయంలో కొంతకాలం ఉద్యోగం చేశారు. సహాయ నిరాకరణోద్యమంతో ఉద్యోగం వదిలి, స్వజిల్లాల్లో కాంగ్రెసు కార్యకర్తగా పనిచేశారు. తర్వాత సన్యసించి స్వామి జ్ఞానానంద శిష్యులయ్యారు.

ఈ గురుశిష్య సంబంధం ప్రత్యేకంగా గమనించదగినది. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టిన జ్ఞానానంద, హిమాలయాల్లో తపస్సు చేసి, ఐరోపాకు వెళ్లి భౌతికశాస్త్రం అభ్యసించారు. అనంతరం విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేశారు. అక్కడి అణుపరిశోధన ప్రయోగశాలకు నేటికీ ఆయన పేరే ఉంది. సన్యాసానికి, శాస్త్రానికి మధ్య విరోధం లేదని గురువు ప్రయోగశాలలో చూపితే, శిష్యుడు మంచుకొండల మీద చూపారు.

5.2 సరస్సు ఒడ్డున శీతాకాలం

ప్రణవానంద తొలి కైలాసయాత్ర 1928లో కాశ్మీరు, లడఖ్‌ల మీదుగా సాగింది. 1935 నుంచి దాదాపు ఏటా ఆ ప్రాంతానికి వెళ్లారు. సాధారణ యాత్రికుడు వేసవిలో వచ్చి, కైలాసానికి ప్రదక్షిణ చేసి, సరస్సులో మునిగి, కనుమలు మూసుకుపోకముందే వెనుదిరుగుతాడు. ప్రణవానంద 1936–37లో మానస సరోవరపు దక్షిణ తీరాన ఉన్న ఠుగోల్హో బౌద్ధమఠంలో ఏడాది పాటు ఉండిపోయారు. 1943–44లో మళ్లీ ఏడాదికి మించి నివసించారు.

ఈ నిర్ణయం ప్రాధాన్యం భౌగోళికమైనది. వేసవిలో మాత్రమే చూసిన స్థలం గురించి వేసవి జ్ఞానమే కలుగుతుంది. సరస్సు ఎప్పుడు గడ్డకడుతుంది, మంచుపలక మీద బీటలు ఎలా వస్తాయి, ఒత్తిడికి పలకలు ఎలా పైకి లేస్తాయి, వసంతంలో అది ఎలా విచ్చిపోతుంది అన్నవి అక్కడ శీతాకాలం గడిపినవారే చెప్పగలరు. ఆయన వాటిని ఉష్ణోగ్రతల నమోదుతో సహా పరిశీలించి రాశారు. ప్రవరుడు సాయంత్రానికి ఇల్లు చేరాలనుకొన్న చోట ఈ స్వామి ఋతుచక్రమంతా గడిపారు. పాదలేపం అవసరం లేకపోవడం అంటే ఇదే.

5.3 నదీజన్మస్థానాల వివాదం

కైలాస మానస సరోవర ప్రాంతం నాలుగు మహానదులకు పుట్టుచోటు. టిబెట్ సంప్రదాయంలో సింధువు సింహముఖం నుంచి, సట్లెజ్ గజముఖం నుంచి, బ్రహ్మపుత్ర అశ్వముఖం నుంచి, కర్ణాలి మయూరముఖం నుంచి వెలువడతాయి. స్వీడన్ అన్వేషకుడు స్వెన్ హెడిన్ 1906–08 నాటి యాత్రలో ఈ ప్రాంతాన్ని పరిశీలించి, మానస సరోవరపు లోతులు కొలిచి, నదుల నిజమైన జన్మస్థానాలను కనుగొన్నట్లు ప్రకటించాడు. బ్రహ్మపుత్రకు కుబీ హిమానీనదం, సట్లెజ్‌కు గంగ్లుంగ్ హిమానీనదం మూలాలని అతడి నిర్ణయం.

ప్రణవానంద ఆ స్థలాలన్నింటినీ తిరిగి, హెడిన్ నిర్ణయాలను ప్రశ్నించారు. ఆయన అభ్యంతరం ప్రధానంగా పద్ధతికి సంబంధించినది. నది మూలాన్ని నిర్ణయించడానికి మూడు ప్రమాణాలు సాధ్యం: స్థానిక సంప్రదాయం, పాయ పొడవు, నీటి పరిమాణం. ఏ ప్రమాణాన్నయినా తీసుకోవచ్చు, కాని నాలుగు నదులకూ ఒకే ప్రమాణం వర్తించాలి. ఒక నదికి ఒకటి, మరోదానికి ఇంకొకటి వాడి, అన్నింటినీ కనుగొన్న కీర్తిని పొందడం శాస్త్రసమ్మతం కాదు. సంప్రదాయాన్ని ప్రమాణంగా తీసుకొంటే బ్రహ్మపుత్ర మూలం చెమాయుంగ్‌డుంగ్ హిమానీనదం వద్ద, సట్లెజ్ మూలం దుల్చు మఠం సమీపంలోని ఊటల వద్ద, కర్ణాలి మూలం మాప్చా చుంగో ఊట వద్ద, సింధువు మూలం కైలాసానికి ఉత్తరాన ఉన్న ఊటల వద్ద నిలుస్తాయి.

ఈ వాదంలోని బలం రెండు విధాలు. ఒకటి, తర్కంలోని సమత. రెండు, స్థానికుల జ్ఞానానికి ఇచ్చిన స్థానం. పశువుల కాపరులు, మఠవాసులు తరతరాలుగా ‘ఇదే మూలం’ అంటున్న చోటును మూఢనమ్మకంగా కొట్టివేయకుండా, ఒక ప్రమాణంగా స్వీకరించి, దాన్ని కొలతలతో పక్కపక్కన పెట్టి చూపడం ఆనాటి అన్వేషణ సాహిత్యంలో అరుదు. ఆయన గ్రంథం ‘ఎక్స్‌ప్లొరేషన్ ఇన్ టిబెట్’ను కలకత్తా విశ్వవిద్యాలయం 1939లో ప్రచురించింది. భారత సర్వే శాఖ తన పటాల్లో ఆయన ఫలితాలను చేర్చుకొంది. లండన్‌లోని రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా గౌరవించింది. 1976లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1989లో ఆయన పరమపదించారు.

వివాదం అంతటితో ముగియలేదు. బ్రహ్మపుత్ర మూలం చెమాయుంగ్‌డుంగ్ కాదని, ఆంగ్సీ హిమానీనదమని చైనా పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల ఆధారంగా 2011లో ప్రకటించారు. ఆ ప్రకటన వార్తల్లో, సవరించబడుతున్న పాత నిర్ణయం కర్తగా పేర్కొనబడింది ప్రణవానంద స్వామి. ఏడు దశాబ్దాల తర్వాత ఉపగ్రహంతో ఖండించవలసినంత గట్టిగా కాలినడకన ఒక నిర్ణయం నిలబడిందన్నది ఇందులో గమనించవలసిన సంగతి. పైగా, ప్రమాణం ఏది అన్న ఆయన ప్రశ్నకు ఉపగ్రహం జవాబు చెప్పదు. అది పొడవును మాత్రమే కొలుస్తుంది.

5.4 యాత్రికుల కోసం భూగోళం

1949లో వెలువడిన ‘కైలాస్–మానససరోవర్’ గ్రంథానికి జవహర్‌లాల్ నెహ్రూ ముందుమాట రాశారు. అన్వేషకుడు యాత్రికుల కోసం రాసిన పుస్తకమిది. ఆల్మోడా నుంచి 5,000 మీటర్లకు పైబడిన లిపులేఖ్ కనుమ మీదుగా వెళ్లే దారితో సహా పలు మార్గాలను మజిలీలవారీగా పట్టికల్లో ఇచ్చారు. వీరాస్వామి పద్ధతి ఇక్కడ హిమాలయం దాటి కొనసాగింది. సుమారు 52 కిలోమీటర్ల కైలాస ప్రదక్షిణం, అందులో 5,630 మీటర్ల డోల్మా కనుమ, యాత్రికుడి ఊపిరికి పరీక్ష. ఆ ప్రదక్షిణను స్వామి ఇరవైకి పైగా మార్లు చేశారు. 6,638 మీటర్ల కైలాస శిఖరాన్ని ఎక్కాలన్న ఆలోచన మాత్రం ఆయన రచనల దిశ కాదు. చుట్టూ తిరగడం, పైకి ఎక్కకపోవడం ఆ పర్వతం పట్ల హిందువులకూ బౌద్ధులకూ ఉమ్మడి మర్యాద. ఆ శిఖరాన్ని నేటికీ ఎవరూ అధిరోహించలేదు.

1950ల్లో ఆయన దృష్టి గఢ్వాల్‌లోని రూప్‌కుండ్ వైపు మళ్లింది. 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చిన్న హిమసరస్సు ఒడ్డున వందల మానవాస్థికలు కనిపించాయి. స్వామి అక్కడికి వెళ్లి అవశేషాలను సేకరించి పరిశీలించారు. 2019లో ప్రచురితమైన జన్యుపరిశోధన ఆ మృతులు ఒకే కాలానికి చెందినవారు కారని, వారి మరణాల మధ్య దాదాపు వెయ్యేళ్ల అంతరం ఉన్నదని తేల్చింది. మంచు మనిషిని చంపుతుంది, చంపినవారిని భద్రపరుస్తుంది కూడా. పర్వతారోహణ చరిత్రలో ఈ సత్యం తెలుగువారికి 1985లో ఎదురైంది.

6. కోరుకొండ విగ్రహం

1953 మే 29న టెన్జింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీలు ఎవరెస్టు ఎక్కాక, 1954లో డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. దానితో ఆరోహణ భారతదేశంలో శిక్షణ పొందదగిన క్రీడ అయింది. తీరాంధ్రకు ఈ క్రీడ సైన్యం దారిలో చేరింది. విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాల 1962లో, విజయనగరం రాజవంశీయుడు పి.వి.జి. రాజు ఇచ్చిన భవనంలో మొదలైంది. ఆ పాఠశాల పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఎం. ఉదయ్‌భాస్కరరావు. 1985లో భారత సైన్యం చేపట్టిన ఎవరెస్టు యాత్రలో ప్రాణాలు కోల్పోయిన అయిదుగురు అధికారుల్లో ఆయన ఒకరు. పాఠశాలలో ఆయన విగ్రహం నెలకొల్పారు.

నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు ఆ పాఠశాలలో చదివినవాడు. పర్వతం మీది మోజు తనకు ఆ విగ్రహం చూశాకే కలిగిందని ఆయన జీవితకథనాలు చెబుతాయి. జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం చదువుల తర్వాత ఆయన ఆ మోజునే వృత్తిగా స్వీకరించాడు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి, అకాంకాగువా, కిలిమంజారో, కోషుస్కో, ఎవరెస్టు, ఎల్బ్రుస్‌ల మీదుగా జులై 10న అలాస్కాలోని డెనాలీ వరకు, ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో అధిరోహించాడు. విన్సన్ ఎక్కిన తొలి భారతీయుడు ఆయనే.

2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో సెర్రో ట్రెస్ క్రూసెస్ మీద ఒంటరి ఆరోహణలో ఆయన ఆచూకీ తప్పింది. ఏప్రిల్ మొదటి వారంలో మృతదేహం కనిపించింది. నెలాఖరుకు సొంతూరిలో అంత్యక్రియలు జరిగాయి. ఒక మరణపు స్మారకం మరొకరికి ప్రేరణ కావడం, ఆ ప్రేరణ మరో మరణంతో ముగియడం ఈ చరిత్రలోని అత్యంత కఠినమైన భాగం. దాన్ని వీరగాథగా మాత్రమే చెప్పడం సులభం. కాని ఒక బడి ఆవరణలోని విగ్రహం పిల్లలకు ఏమి చెబుతుంది, వారికి ఏమి చెప్పాలి అన్న ప్రశ్న అధ్యాపకులుగా ఉన్న వారందరికీ చెందుతుంది. సాధనం కరిగిన క్షణంలో ప్రవరుడికి అగ్నిదేవుడున్నాడు. ఒంటరి ఆరోహకుడికి వాతావరణపు దయ తప్ప వేరే ఆధారం లేదు.

7. పూర్ణ, ఆనంద్

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం చేరారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గిరిజన బాలిక పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ దళిత కుటుంబంలో పుట్టాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ చొరవతో, 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్‌బాబు బచినేపల్లి శిక్షణలో, వారి సాధన భువనగిరి ఏకశిల మీద మొదలై డార్జిలింగ్, లడఖ్‌లలో కొనసాగింది. ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు దారిలో హిమపాతం కూలి 16 మంది షెర్పాలు మరణించారు. పూర్ణ, ఆనంద్‌లు టిబెట్ వైపు నుంచి ఎక్కారు.

ఈ ఆరోహణ ప్రత్యేకత వయసు రికార్డు కంటే మరొక చోట ఉంది. ప్రవరుడి యాత్రకు అర్హత అతడి కులం, అతడి గృహస్థాశ్రమం, అతడి ఇంటి అతిథి సత్కారం. ప్రణవానందకు సన్యాసం దారి తెరిచింది. ఉదయ్‌భాస్కరరావుకు సైన్యం, మస్తాన్‌బాబుకు ఉన్నత విద్య దారి చూపాయి. పూర్ణ, ఆనంద్‌లకు ఆ దారి చూపింది ప్రభుత్వ వసతి పాఠశాల. మంచుకొండ మీద విహరించే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు తెలుగు సమాజం అయిదు శతాబ్దాల్లో ఇచ్చిన సమాధానం ఎంత మారిందో ఇది చూపుతుంది. పూర్ణ 2022లో డెనాలీతో ఏడు ఖండాల శిఖరాలను పూర్తి చేసింది.

అయితే ఆరోహకుల పేర్లు వినిపించే చోట షెర్పాల పేర్లు వినిపించవు. తాళ్లు కట్టేదీ, నిచ్చెనలు వేసేదీ, బరువులు మోసేదీ వారే. త్రికోణమితి సర్వేలో జెండాలు పట్టినవారి స్థితికి, నేటి షెర్పాల స్థితికి పోలిక స్పష్టం. సాధనం మనిషే అయినప్పుడు ఆ మనిషి పేరు కూడా చరిత్రలో చేరాలి.

8. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. తెలుగు నేలకు మంచు ప్రత్యక్షానుభవం కాకపోవడం వల్ల హిమాలయం మొదట కావ్యస్థలంగా ఏర్పడింది. పెద్దన వర్ణనలో హిమాలయ పాదప్రాంతపు జీవంతో మంచు శిఖరం కలిసిపోయింది. లేపం కరగడం అన్న వివరం మాత్రం మంచు భౌతికతను నిలిపింది.

2. వీరాస్వామి దారిని రచనావస్తువు చేశాడు. ప్రణవానంద ఆ పద్ధతిని హిమాలయాలు దాటించి, శాస్త్రీయ అన్వేషణగా మార్చారు. నదీమూల వివాదంలో ఆయన లేవనెత్తిన ‘ఒకే ప్రమాణం’ అన్న సూత్రం నేటికీ చెల్లుతుంది.

3. ప్రణవానంద ప్రధాన గ్రంథాలు ఆంగ్లంలో రావడం, అవి సాహిత్యానికీ భూగోళానికీ మధ్య ఉండడం వల్ల తెలుగు శాఖల పాఠ్యప్రణాళికల్లో వాటికి సహజంగా చోటు ఏర్పడలేదు. ‘మనుచరిత్ర’ బోధించే తరగతిలో ఆయన మానస సరోవర శీతాకాల వర్ణనలను పక్కన పెట్టి చదివితే, కావ్య భూగోళం, వాస్తవ భూగోళం పరస్పరం వెలుగునిస్తాయి.

4. ఆరోహణ క్రీడ సైనిక పాఠశాల నుంచి గురుకులానికి విస్తరించడం సామాజిక చరిత్రలో ముఖ్యమైన మార్పు. ఆ క్రీడలోని ప్రాణాపాయం, షెర్పాల శ్రమ ఆ చరిత్రలో అంతర్భాగాలు.

నేడు హిమాలయ హిమానీనదాల్లో అధికభాగం వెనక్కి తగ్గుతున్నాయి. 2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో మంచుతో కూడిన శిలాఖండం విరిగిపడి వచ్చిన వరదకు రెండు వందల మందికి పైగా మరణించడమో ఆచూకీ తప్పడమో జరిగింది. ప్రణవానంద నమోదు చేసిన హిమానీనదాల అంచులు, సరస్సు గడ్డకట్టిన కాలాలు, ఊటల స్థానాలు ఇప్పుడు పోల్చిచూడడానికి అవసరమైన పాత ఆధారాలు. ప్రవరుడి కథలో మంచు తగిలి లేపం కరిగింది. ఇప్పుడు కరుగుతున్నది మంచే. ఆ మంచు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేదో కాలినడకన వెళ్లి రాసిపెట్టిన తెలుగువాడి రచనలను తెలుగులోకి తెచ్చుకోవడం, పరిశోధనలో వాడుకోవడం ఈ తరం బాధ్యత.